సముద్రం మీద బొగ్గు దుమ్ము

మా గోదావరిఖనిల ఓడెక్కిన మొదటి మనిషి యేసుదానం. కాదనేటోడు ఎవడన్న ఉంటే చౌరస్తా కాడ నా ఫోటో స్టూడియోకు రమ్మనుండ్రి, ఆడనే తేల్చుకుందం! నా పేరు మొగిలి. అరవై రెండుల, ఇక్కడ బాయిలు కొత్తగ తవ్వుతున్నప్పుడు, రేకుల షెడ్డుల దుకాణం పెట్టిన. బాయి అంటే మా దిక్కు బొగ్గు గని. అప్పుడు ఈ ఊళ్లె ఇండ్లు తక్కువ, గుడిసెలు ఎక్కువ, దుమ్ము అన్నిటికన్న ఎక్కువ. అన్నంల దుమ్ము, నీళ్లల్ల దుమ్ము, నా కెమెరాల దుమ్ము.

యేసుదానం, మేం దానం అంటం, మా యేసయ్య కాక కొడుకు. కాక బాయిల సర్దారు. షిఫ్టోళ్లు దిగకముందే తను దిగి, కప్పు గట్టిగున్నదా, గాలి మంచిగున్నదా చూసి, రిపోర్టు రాసి సంతకం పెట్టాలె. ఆ సంతకం పడ్డంకనే మిగిలినోళ్లు లోపలికి పోవాలె. ఇల్లెందు నుంచి బదిలీ మీద వచ్చిండ్రు వాళ్లు. కొడుకును కూడ బాయిలనే పెట్టిచ్చిండు కాక, సర్వే పనిల. సర్వేయరు ముందు నడుస్తుంటే గొలుసు పట్టుకొని వెనుక నడుసుడు. చీకట్ల కప్పుకు గుండు దారం కట్టి, దాని వెనుక దీపం పెట్టి, ఏ దారి ఏ దిక్కు పోతున్నదో కొలుసుడు. మూడేండ్లు చేసిండు ఆ పని.

ఇగ వాని కండ్లు ఉన్నయి సూడుండ్రి, అవి కండ్లు గావు, దుర్బిణీలు! గోదారి ఈ ఒడ్డున నిలవడి, ఆ ఒడ్డున మంచిర్యాల దిక్కు పోయే బండిని చూసి, రెండెడ్లల్ల కుంటేది ఏదో చెప్తుండె. పందెం కట్టి ఓడిపోయినోళ్లల్ల నేను కూడ ఉన్న.

గసొంటి కండ్లు వెట్టుకొని భూమి లోపల ఏం జూస్తడు చెప్పుండ్రి? అరవై ఆరుల ఒకనాడు నా దుకాణంల పేపరు తిరగేస్తుంటే ఓడ పనికి పిలగాండ్లు కావాలె అని ప్రకటన వడ్డది. ట్రైనింగు విశాఖపట్నంల. "మొగిలన్నా, ఒక చిన్న ఫోటో తియ్యి" అన్నడు. తీసిన. చెంప మీద గాయం మచ్చ ఉంటుండె, అది నాకు నచ్చలే, నున్నగ మాపేసిన. అక్కడి క్లర్కు మూడుసార్లు ఫోటో చూసి మూడుసార్లు మొఖం చూసిండట. కాగితంల ఏమో "గుర్తు: చెంప మీద గాయం మచ్చ" అని ఉన్నది, ఫోటోల లేదు. దానం వచ్చి చెప్తే నేను పొంగిపోయిన. అంత మంచిగ పనిజేసిన అన్నట్టు!

యేసయ్య కాక మాత్రం అగ్గిమీద గుగ్గిలం అయ్యిండు. "బాయిల మోకాలుమంటి నీళ్లొస్తెనే పంపులు వెట్టి తోడిపారేస్తం. వీడేందిరా, నీళ్లల్లనే బతుకుత అంటడు!" అని నెల రోజులు కొడుకుతోని మాట్లాడలే. దానం మాత్రం రైలెక్కిండు.

ఆ తర్వాత ఏడాదికోసారి లీవుల వస్తుండె. మొదట్ల ఓడ కడిగిండు, తుప్పు గీకిండు, రంగులేసిండు. ఆరేండ్లల్ల ఓడను తిప్పే చక్రం పట్టుకునేదాక వచ్చిండు. వచ్చినప్పుడల్ల నా దుకాణంల మహాసభనే. షిఫ్టు దిగినోళ్లు మొఖం గూడ కడుక్కోకుంట వచ్చి కూసుంటుండిరి. సముద్రం మీద దారులు లేవు గదా, ఎట్ల పోతరురా అని ఒకడు అడిగితే, దానం ఇట్ల చెప్పిండు: ఒడ్డు మీద గుర్తులుంటయి. గుడి గోపురమో, కొండ మొనో, సున్నమేసిన స్తంభమో. ఫలానా గుర్తు ఫలానా కొండకు సూటిగ వచ్చేదాక పో, గప్పుడు మళ్లు అని పటాల మీద, పుస్తకాలల్ల రాసి ఉంటది. ఆ గుర్తు కూలినా, కొత్తది లేసినా, దీపం ఆరినా, ఎవరు ముందు చూస్తే వాళ్లు జల్ది రాసి పంపాలె. ఎవరూ పైస ఇయ్యరు. అయినా పంపాలె, ఎనుక వచ్చేటోని పానం దాని మీద ఉంటది గనుక.

"రాస్తె సరిపోతదా, నమ్ముతరా?" అని నేను.

"అందుకే ఫోటో దీస్తరు మొగిలన్నా. నీ లెక్క గాదు, దానికో పద్ధతున్నది" అని మురుసుకుంట చెప్పిండు. ఓడ ఎక్కడున్నదో ముందు తేల్చుకోవాలె. గుర్తు ఏ దిక్కున్నది, ఎంత దూరమున్నది, తారీఖు, టైము అన్నీ రాయాలె. ఒడ్డు ఒక్క ఫోటోల పట్టదు గనుక మూడు నాలుగు తియ్యాలె. ఒకదాని అంచుల ఉన్నది రెండో దాంట్ల కూడ కొంత రావాలె. అంచులు కత్తిరించొద్దు. అట్లనే దెహ్రాదూన్ పంపాలె, సముద్రం పటాలు గీసే నేవీ వాళ్ల ఆఫీసుకు. సముద్రం పటాలు కొండల మీద కూసోని గీస్తరట! ఇది విని మేం నవ్వి నవ్వి చచ్చినం.

ఇగ అసలు ముచ్చటకొస్త. డెబ్బై మూడు, అక్టోబరు తొమ్మిది. పొద్దున పదింటికి దానం రామగుండం టేషన్ల దిగి, ఇంటికి గూడ పోకుంట, సంచి భుజాన ఏసుకొని సీదా నా దుకాణంల పడ్డడు. మొఖం మీద నెత్తురు లేదు, కండ్లు మాత్రం మెరుస్తున్నయి.

"అన్నా, ఒక ఓడను ఆపిన!" అన్నడు.

"ఏ ఓడ? ఎవని ఓడ? కూసోని చెప్పురా!"

కూసోలే. నిలవడే చెప్పిండు. వాళ్ల ఓడ తూర్పు తీరంల ఒక చిన్న రేవుకు పోతున్నది. ఆ రేవు పేరు నాకు నోరు తిరగలే, ఇప్పటికీ తిరగది. ఒడ్డున ఇసుక దిబ్బ మీద తెల్ల స్తంభం ఉంటది, దాని సూటిగ పట్టుకొని లోపలికి రావాలె. పక్కకు జరిగితే నీళ్ల కింద ఇసుక మేట. కెప్టెను దుర్బిణీల చూసి, తెల్లగ కనవడంగనే "అదిగో స్తంభం, దాని మీదికే పో" అన్నడు. చక్రం దానం చేతుల ఉన్నది. చక్రం పట్టినోడు చెప్పింది చెయ్యాలె, ఎదురు మాట్లాడొద్దు. కానీ ఆ కండ్లు ఊకుంటయా! ఇదివరకు ఆ రేవుకు రెండుసార్లు పోయిండు. స్తంభం కొబ్బరిచెట్ల గుంపుకు ఎడమ దిక్కుండాలె. ఈ తెల్లది కుడి దిక్కున్నది.

"సార్, అది స్తంభం గాదు!" అని అరిచిండట.

కెప్టెను ఒక్క నిమిషం ఉరిమి చూసి ఇంజను ఆపిచ్చిండు. లోతు కొలిస్తే ఏమున్నది, ఇంకో రెండు ఓడల పొడుగు పోయుంటే ఇసుక మేట మీదనే! అసలు సంగతి ఏందంటే, తుపానుకు స్తంభం కూలిపోయింది. సున్నం రాలి, నల్లరాయి తేలి, మనిషెత్తు మొండెం మిగిలింది. చెట్లకు కుడి దిక్కు ఎవరో కొత్తగ నీళ్ల ట్యాంకు కట్టి తెల్ల రంగేసిండ్రు. దూరం నుంచి చూస్తె అదే స్తంభం అనిపిస్తది.

ఫోటో దీద్దమంటే కెప్టెను కెమెరా ఉప్పుగాలికి పట్టేసింది. దానం దగ్గర సొంత డబ్బా కెమెరా ఉండె. దాంతోనే మూడు ఫోటోలు తీసిండు. ఆఫీసరు దిక్కులు, దూరాలు చెప్పుకుంట నోటు బుక్కుల రాసుకున్నడు. కెప్టెను వైర్లెస్సు మీద కబురు పంపిండు. విశాఖపట్నం చేరేసరికి దెహ్రాదూన్ నుంచి జవాబొచ్చింది: నాలుగొద్దుల కింద ఇంకో ఓడ అదే దారిల పోయింది, స్తంభం మంచిగనే ఉన్నదని రాసింది. మీరు లేదంటున్నరు. ఫోటోలు, నెగెటివులు పంపుండ్రి, చూసి చెప్తం.

"వాళ్లు దూరం నుంచి ట్యాంకును చూసి స్తంభం అనుకున్నరన్నా" అన్నడు దానం. "ఈ నెల ఇరువై ఎనిమిదికి ఆ ఓడనే సరుకేసుకొని ఆ రేవులకు పోతున్నది. ట్యాంకును చూసుకుంట పోతే సీదా ఇసుక మీదికి! ఒక్కసారి ఎక్కిందంటే అలలు ఓడను ఇరగ్గొడ్తయి. అంతకుముందే ఇది దెహ్రాదూన్ చేరాలె."

ఫిల్ము చుట్ట నా చేతుల పెట్టిండు. విశాఖపట్నం చేరిన సాయంత్రమే వాళ్ల ఓడ ఇంకో రేవుకు బయలెల్లింది. దానానికి లీవు మొదలైంది. విశాఖపట్నంల స్టూడియో వాడు రెండ్రోజులు ఆగుమన్నడట. "మా ఊళ్లె మా మొగిలన్న ఉన్నడు, పానం లెక్క చూసుకుంటడు" అని కెప్టెనుకు చెప్పి, కాగితాలన్నీ తీసుకొని రైలెక్కిండు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో మీకేం చెప్పాలె!

పోయేటప్పుడు వాకిట్ల ఆగి, "అన్నా, ఉన్నది ఉన్నట్టు రావాలె" అన్నడు.

ఇక్కడ నా ధర్మం కూడ ఇనుండ్రి. ఆ మాట నా దుకాణంల అననోడు లేడు! ఉన్నది ఉన్నట్టు తియ్యి అంటరు. తీసిస్తె, అమ్మవారి మచ్చలు ఎందుకొచ్చినయి, కండ్ల కింద నలుపెందుకు ఉన్నది అని నా మొఖాన కొడ్తరు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ గదా. పదకొండేండ్ల సంది "ఉన్నది ఉన్నట్టు" అంటే నాకు ఒక్కటే అర్థం: మంచిగ చెయ్యమన్నట్టు.

ఫిల్ము కడిగిన. అబ్బ, ఎంత ముద్దుగొచ్చినయి! మూడు నెగెటివులు. నీళ్లు, ఇసుక, చెట్లు, పెద్ద ఆకాశం. తెల్లారి ఆరినంక అద్దం కింద వెట్టి చూస్తె రెండిట్ల ఒక్కో చుక్క కనవడ్డది. నెగెటివుల తెల్లగ, ఫోటోల నల్లగ వడే చుక్క. నువ్వుగింజంత.

నాకు ఎరుకే, ఆ చుక్క ఏందో! కెమెరా లోపల ఫిల్ము మీద దుమ్ము వాలితే ఆ జాగల నల్ల చుక్క వడుతది. మా ఊళ్లె చుక్క వడని ఫోటో లేదు. బొగ్గు దుమ్ము ఎవ్వరి మొఖం చూడది. పెండ్లికొడుకు చెంప మీదనన్న వడుతది, పిల్లగాని నొసటి మీదనన్న వడుతది. ఇగ చేసుడేముంది? నెగెటివు మీద మందు రాసి, పెన్సిలు సన్నగ చెక్కి, ఆ చుక్కను నింపుత. చుట్టున్న ఆకాశంల కలిసిపోతది. ఎట్ల పోయిందో బ్రహ్మదేవునికి గూడ తెల్వది. రెండు నెగెటివులల్ల రెండు చుక్కలు మాపిన. అర్ధ గంట పని. ప్రింట్లు తీసి, అంచులు సక్కగ కత్తిరించి, స్టూడియో పేరున్న అట్టకు అతికిచ్చి, నేనే మురిసిపోయిన.

పన్నెండింటికి దానం వచ్చిండు. ఎనుక యేసయ్య కాక, మొదటి షిఫ్టు లేకుండె ఆ రోజు. నేను ఫోటోలు బల్ల మీద పరిచిన, పెండ్లి పిల్లను చూపెట్టినట్టు.

దానం చూసిండు. అద్దం తీసుకొని మళ్ల చూసిండు. 

"మొగిలన్నా, మొండెమేది?"

"ఏ మొండెం?"

"చెట్లకు ఎడమ దిక్కు, దిబ్బ మీద. నల్లగ, చిన్నగ."

 నోరు ఊకుంటదా, నా నోరసలే నోరు గాదు! "చిన్నగనా... ఆ నల్ల చుక్కనా? అది దుమ్మురా! బొగ్గు దుమ్ము! మాపిన గదా!"

"సముద్రం మీద బొగ్గు దుమ్మెక్కడిది మొగిలన్నా!"

ఆ అరుపుకు చౌరస్తాల పోయేటోళ్లు ఆగి చూసిండ్రు. వాడు అంత గట్టిగ అరుసుడు నేను పుట్టినప్పటి సంది ఇనలే. "రెండు ఫోటోలల్ల ఉన్నదా? రెండిట్ల చెట్లకు అంతే దూరంల ఉన్నదా? దుమ్ము గజం కట్టె వెట్టి కొలుసుకొని కూసుంటదా!"

అప్పుడు తెలివికొచ్చింది నాకు. కొండ నాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడినట్టయ్యింది. ఆ మొండెం లేకపోతే ఆ ఫోటోల ఏమున్నది? ఒడ్డు, దాని మీద తెల్లటిది ఒక్కటి. ఆ రెండో ఓడోడు రాసింది నిజమని నేనే ఫోటో దీసి ఇచ్చినట్టయ్యింది! చెట్లను చూసి తెలుసుకోరాదా అంటే, చెట్లు పెరుగుతయి, చెట్లు నరుకుతరు, వాటిని ఎవరు నమ్ముతరు?

తప్పు నాది. తెలుసు. అయినా నాకే కోపమొచ్చింది. "ముందే చెప్తె నీ సొమ్మేం పోయింది? నల్ల మొండెం ఉంటది, ముట్టకు అని ఒక్క మాట అంటే అయిపోవు గదా!"

"ఉన్నది ఉన్నట్టు అన్న గదా!"

"అందరు గట్లనే అంటరు!"

ఇద్దరం మెడలు పట్టుకునేదాక వచ్చినం. గప్పుడు లోపల నుంచి నా పెండ్లాం పూలమ్మ వచ్చింది, చేతుల పిండి. "ఏందయ్యా లొల్లి? మొన్న కనకవ్వ ముక్కుపుల్ల దుమ్మనుకొని మాపినవు. ఆమె వచ్చి ఏడిస్తె టర్పెంటు వెట్టి తుడువలేదా? ఇదీ తుడువు."

అయ్యో నా మతి! పెన్సిలే గదా, తుడిస్తె పోతది! సంతోషంల నేను పూలమ్మ పిండి చేతులు పట్టుకున్న, ముందల యేసయ్య కాక ఉన్నడని గూడ చూసుకోలే.

మొదటి నెగెటివు తీసి, దూదికి టర్పెంటు అద్ది, తుడిచిన.   ఆత్రానికి గట్టిగ ఒత్తిన. దూదిల ఇసుక రేణువో ఏముండెనో, గీత వడ్డది. మొండెం మీది నుంచి అడ్డంగ, పొడుగు గీత. దానం కండ్లు మూసుకున్నడు.

"జరుగు" అన్నది పూలమ్మ. చేతులు కడుక్కొని, కొత్త దూది చుట్టి, రెండో నెగెటివు తీసుకున్నది. పాప కండ్లకు కాటుక పెట్టినట్టు, ఒక్క దిక్కు నుంచి, ఒత్తకుంట, తుడిచింది. ఇంకోసారి తుడిచింది. మేం ముగ్గురం ఆమె భుజాల మీది నుంచి తొంగి చూసినం. నెగెటివును కిటికీ వెలుతురుకు పట్టింది.

"ఇగో!"

దిబ్బ మీద నువ్వుగింజంత తెల్లటి చుక్క. మొండెం! దానం ఎగిరి దుంకిండు. నేను వాన్ని వాటేసుకున్న. యేసయ్య కాక "స్తోత్రం, స్తోత్రం" అనుకుంట కూలవడ్డడు కుర్చీల. జల్దిగ కొత్త ప్రింట్లు కొట్టిన, అంచులు కత్తిరించకుంట, అట్టకు అతికియ్యకుంట. దానం వాటి వెనుక దిక్కులు, దూరాలు, టైము రాసి, బాణం గీతలు పెట్టిండు. రెండు దాటింది. నాలుగింటికి రామగుండం టేషన్ల పోస్టు సంచి కట్టేస్తరు.

దానం కవరు మూస్తుంటే యేసయ్య కాక చెయ్యి అడ్డం వెట్టిండు.

"రాసినవా?"

"ఏంది బాపు?"

"నెగెటివు మీద చెయ్యి వడ్డదని."

నా పానం పోయింది. "కాకా, నీకు దండం వెడ్త! అట్ల రాస్తె అవతల పారేస్తరు. పెన్సిలు వెట్టిండ్రంట, తుడిచిండ్రంట, ఇదంత దొంగ ఫోటో అంటరు! మొండెం ఉన్నది, అబద్ధమా? ఉన్నది చూపిస్తున్నం, అబద్ధమా? నా దుకాణం పేరు చెడగొడ్తవా?"

దానం కూడ గొణిగిండు. "బాపు, వాళ్లు నమ్మకపోతే ఆ ఓడ పోతది."

కాక లేసిండు. పొట్టి మనిషి, ఆ రోజు షెడ్డు కప్పును తాకుతడేమో అనిపిచ్చింది. "ఇరువై ఆరేండ్ల సంది రాస్తున్న నేను రిపోర్టు. కట్టెతోని కప్పు కొట్టి చూసిన కాడ చూసిన అని రాస్త. నీళ్లడ్డమొచ్చి పోలేకపోతే, పోలేదని రాస్త. పోని కాడ అంత మంచిగనే ఉన్నదని ఒక్కనాడు రాస్తె, నా సంతకం చూసి దిగేటోళ్లు ఏం గావాలె? ఆ రెండో ఓడోడు ఏం జేసిండు? దూరం నుంచి చూసి, దగ్గరికి పోయినట్టు రాసిండు. నువ్వు గూడ గంతేనా?"

 దానం కలం తీసుకున్నడు. స్టూడియో మొగిలి దుమ్ము అనుకొని రెండు నెగెటివుల మీద పెన్సిలు వెట్టిన సంగతి, టర్పెంటుతోని తుడిచిన సంగతి, ఒకటి గీత వడ్డ సంగతి, అంత ఇంగ్లీషుల రాసిండు. కింద నన్ను సంతకం చెయ్యమన్నడు. చేసిన. తిట్టుకుంట చేసిన. కాక మీద ఇంత కోపం, నా మీద అంత కోపం! గీత వడ్డ నెగెటివును గూడ కవర్ల వెట్టిండు దానం, ఏదీ దాయొద్దని.

మూడు దాటింది. సైకిలు మీద పోతే అందది. చౌరస్తాల బొగ్గు లారీకి అడ్డం వడి నిలవెట్టిన. డ్రైవరు బండ బూతులు తిట్టిండు. "తిట్టు నాయనా, తిట్టుకుంట నడుపు" అని ఎక్కినం. బొగ్గు మీద కూసోని, కవరును అంగీ లోపల దాసుకొని, దానం, నేను. గుంతల్ల ఎగిరెగిరి పడుతున్నం, బొగ్గు ముక్కలు మీద రాలుతున్నయి. టేషన్ల పోస్టాఫీసు కిటికీ మూస్తుంటే నేను చెయ్యి దూర్చిన, ఏళ్లు నలిగినయి. "ఆఖరుది" అని తిట్టుకుంట రిజిస్టరు చేసిండు పోస్టాయన. మమ్ముల చూసి తాంబూలం నమిలే నోరు అట్లనే తెరిసిండు. ఇద్దరం నెత్తి నుంచి కాళ్ల దాక నల్లగున్నం, పండ్లు తప్ప ఏం కనవడుత లేవు.

ఇగ ఎదురుచూసుడు. ఆ రోజులు నేను మర్చిపోను. ఇరువై అయ్యింది, ఇరువై అయిదయ్యింది. దానం రోజు పోస్టాఫీసు, నా దుకాణం, పోస్టాఫీసు. ఇరువై ఎనిమిది వచ్చింది, పోయింది. ఆ రోజు అన్నం ముద్ద దిగలే ఎవ్వరికి. గిరాకీ వస్తె, నెగెటివుల చుక్క కనవడితే, పెన్సిలు పట్టబుద్ధి కాలే. "మొగిలి పని మర్చిపోయిండు" అని జనం నవ్విండ్రు. పూలమ్మ ఒక్కతే నవ్వలే.

నవంబరు ఆరు, మూడింటికి, దానం ఉరుక్కుంట వచ్చిండు. చేతుల ఉత్తరం, కెప్టెను రాసింది. దుకాణంల ఎల్లేశం కుటుంబం ఫోటోకు కూసోని ఉన్నది, నలుగురు పిల్లలు, ముసలవ్వ. "ఆగుండ్రి!" అని వాళ్లను అట్లనే కూసోవెట్టి, దానాన్ని చదువుమన్న. యేసయ్య కాక గూడ అప్పుడే డ్యూటీ దిగి వచ్చి వాకిట్ల నిలవడ్డడు, దీపం బెల్టు గూడ విప్పలే.

దానం ఇంగ్లీషు చదివి తెలుగుల చెప్పుకుంట పోయిండు. కవరు పంతొమ్మిదికి చేరింది. ఆఫీసుల పెద్ద అద్దం కింద వెట్టి చూసిండ్రు. పెన్సిలు జాడ మొదటి నిమిషంలనే దొరికింది. అది చెప్పకుంట దాసుంటే మొత్తం రిపోర్టునే పక్కకు వెడుతుంటిమి, చెప్పిండ్రు గనుక గీత వడ్డ నెగెటివును గూడ తీసి కొలిసినం, రెండిట్ల మొండెం చెట్లకు అంతే దూరంల ఉన్నది, నమ్మినం అని రాసిండ్రట. కొలిసి, అడిగి, మళ్ల అడిగి, ఇరువై ఏడు రాత్రి వైర్లెస్సు మీద అన్ని ఓడలకు హెచ్చరిక ఇచ్చిండ్రు: స్తంభం లేదు, తెల్ల ట్యాంకును చూసి మోసపోవద్దు.

"ఆ ఓడకు అందిందా?" అని అడిగిన నేను. 

దానం కాగితం తిప్పిండు. అందింది. ఇరువై ఎనిమిది తెల్లారి, రేవు ఇంక రెండు గంటల దూరం ఉండంగ అందింది. ట్యాంకు తెల్లగ కనవడుతనే ఉన్నది, వాళ్లు దాని మీదికే వస్తనే ఉన్నరు. అక్కడనే లంగరేసిండ్రు. పడవ దింపి లోతు కొలిసి చూసుకున్నరు. తర్వాత ఆ ఓడ కెప్టెను మా కెప్టెనుకు ఒక్క ముక్క కబురు పంపిండట. ఎందుకు తప్పు రాసిండో చెప్పలే, క్షమించుమనలే, ఏం లేదు. ఒక్కటే రాసిండు.

"ఏమని?" అన్నడు కాక.

 దానం కాగితం మీద వేలు వెట్టి చదివిండు.

"'మేం నలభై ఇద్దరం' అని."

 ఎల్లేశం పిల్లలు కెమెరా దిక్కు చూసుకుంట కదలకుంట కూసున్నరు. నేను ఉన్న కాడనే నేల మీద కూలవడ్డ. నువ్వుగింజంత చుక్క. అర్ధ గంట పని. నలభై ఇద్దరిని పెన్సిలు మొనతోని మాపిన గదరా నేను! గిరాకీ ముందటనే, పిల్లల ముందటనే, బోరున ఏడ్చిన.